వెల్లుల్లికి పోయిన పాటలు

మా ఊరు ఖానాపురం హవేలి. పేరులో హవేలి వుంది గదా అని, మొదటిసారి వచ్చే చుట్టాలు ఏదో నిజాంకాలపు దివాణాన్ని ఊహించుకుంటూ వస్తారు. తీరా చూస్తే నూట యాభై గజాల స్థలంలో మూడు గదుల డాబా, వాకిట్లో ఒక వేపచెట్టు, మెట్లకింద ఒక చెక్క బీరువా. ఖమ్మం పెరిగి పెరిగి మా ఊరినీ తనలో కలిపేసుకున్న తర్వాత ఆ పేరొక్కటే మాకు మిగిలిన ఆస్తి. అయితే ఈ నాలుగు నెలలుగా వచ్చేవాళ్ళు హవేలి మాట ఎత్తడం లేదు. మెట్లకింద బీరువాలో మిణుకుమిణుకుమంటున్న పచ్చదీపాన్ని చూసి, "అదేమిటమ్మా?" అంటున్నారు.

"పాటలపెట్టె" అంటాను.

"మరి నోరేదీ?" అంటారు.

అసలు కిటుకు అక్కడే వుంది. దానికి నోరు లేదు. మా చిన్నప్పటి రేడియోకి గాని, టేపురికార్డరుకి గాని అన్నీ ఒక్క ఒంట్లోనే వుండేవి. ఇప్పటిది అవిభక్త కుటుంబం కాదు, వేరుపడ్డ అన్నదమ్ములు. పాటలు మెట్లకింద హార్డు డిస్కులో అంకెల రూపంలో నిద్రపోతూ వుంటాయి. మనం పిలిస్తే ఆ అంకెలు తీగవెంట నడిచి ముందుగదిలోకి వస్తాయి. అక్కడ రాస్ప్‌బెరీ పై అనే అరచేతిలో పట్టే కంప్యూటరు వాటిని అందుకుంటుంది. (దీన్ని ఇంగ్లండులో పిల్లలకు కంప్యూటరు విద్య చవగ్గా నేర్పడానికి తయారుచేసి 2012లో బజారులోకి తెచ్చారు. నాబోటి వాళ్ళు దాన్ని పాటలకు పెట్టుకున్నారు.) దాని నెత్తిన డాక్ అనే మరో పలక కూర్చుని, అంకెల్ని విద్యుత్తరంగాలుగా మారుస్తుంది. ఆ పైన ఆంప్లిఫయరు, ఆ పైన స్పీకర్లు. మరి చేతిలో ఫోనో? అది పెత్తనం చేస్తుంది, అంతే. "ఆ పాట పెట్టు, ఈ పాట ఆపు" అంటుంది గాని బరువు మోయదు. ఇలాంటి వాళ్ళు ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు, వారి పేరు నేను చెప్పను.

ఈ యావంతా నాకెలా పట్టిందంటే, మా ఆడపడుచు కొడుకు హైదరాబాదులో ఇంజనీరింగు చదువుతున్నాడు. సెలవులకొచ్చి, నేను ఫోనులో పాటలు వినడం చూసి, "అత్తా, నువ్వు వింటున్నది పాట కాదు, పాటయొక్క పిప్పి" అన్నాడు. తెలుగు లెక్చరరుని, నన్ను పట్టుకుని అంతమాటంటాడా అని పౌరుషం వచ్చింది. సరే చూపించమన్నాను. రెండు రోజుల్లో తేల్చేస్తానన్నవాడు తొమ్మిది రోజులు పట్టాడు.

మావారు బడిలో లెక్కలు చెబుతారు. ఏ వస్తువైనా అంకెల్లోకి దిగితే తప్ప ఆయన నమ్మరు. మేనల్లుడు చెబుతూ వుంటే కాగితంమీద వేసుకుంటూ పోయారు. సీడీలో శబ్దాన్ని సెకనుకు 44,100 సార్లు కొలుస్తారు. ఒక్కొక్క కొలతా 16 బిట్లు. కుడి ఎడమలు రెండూ కలిపితే సెకనుకు 14,11,200 బిట్లు. హై రిజల్యూషన్ అనే ఈ కొత్త వైభోగంలో సెకనుకు 96,000 కొలతలు, ఒక్కోటి 24 బిట్లు. వెరసి 46,08,000. "మన ఇంటి తీగ సెకనుకు పదికోట్ల బిట్లు మోస్తుందంటున్నావు గదా? ఇరవయ్యోవంతు కూడా నిండదే. ఇంకేం కష్టం?" అని తేల్చేశారాయన.

కష్టం లెక్కలో లేదు, వంటింట్లో వుంది. మొదట తీగ లేకుండా వైఫైతో పెట్టాం. అంతా నిక్షేపంగా సాగుతూండగా, మధ్యాహ్నం సరిగ్గా మైక్రోవేవులో టీ వేడిచేసే వేళకు పాటకు నత్తి పట్టుకునేది. రెండురోజులు డిస్కుని అనుమానించాం, ఒకరోజు పాడే ఆవిణ్ణే అనుమానించాం. చివరికి తేలిందేమంటే, ఆ పొయ్యీ మా వైఫై కూడా ఒకే బాటన, రెండున్నర వందల కోట్ల హెర్ట్జ్ దగ్గర్లో, నడుస్తున్నాయి. పొయ్యి కాస్త గట్టిది కాబట్టి అదే గెలుస్తోంది. దాంతో గోడకు కన్నం పెట్టి తీగ లాగక తప్పలేదు. తీగ కొనడానికి వెళితే, పాటలకని ప్రత్యేకంగా చేసిన తీగంటూ ఒక దుకాణదారు మా ఫ్రిజ్ ఖరీదులో సగం చెప్పాడు. మావారు వెనక్కి తిరిగిచూడకుండా బయటికి నడిచారు. ఆయనదే న్యాయం. తీగలో పోయేవి అంకెలు. అంకె చేరితే చేరుతుంది, చేరకపోతే మళ్ళీ పంపమని ఈ చివరి యంత్రం ఆ చివరిదానికి కబురు పెడుతుంది. బంగారు పల్లకీలో వచ్చినంతమాత్రాన ఏడు ఎనిమిది కాదు గదా.

తర్వాత స్పీకర్లలోంచి 'హుమ్మ్' మని కందిరీగల మోత. అది ఎర్తింగు జబ్బు. మా పెరట్లో ఎర్తు గొయ్యి వేసవికి ఎండిపోయి పెళపెళలాడుతోంది. నాలుగు బిందెల నీళ్ళు పోశాక మోత సగానికి తగ్గింది. ఆంప్లిఫయరునీ కంప్యూటరునీ ఒకే ప్లగ్గు పలకమీదికి తెచ్చాక మిగతాదీ పోయింది. ఇప్పటికీ ఎండాకాలంలో వేపచెట్టుతోపాటు పాటలపెట్టెకీ నీళ్ళు పోస్తాను.

పేర్ల సంగతి మాత్రం కాస్త నిదానంగా చెప్పాలి. మేనల్లుడు పాటల పేర్లన్నీ ఇంగ్లీషులో పెట్టాడు. అందులో రామదాసు నాలుగు విధాలుగా తయారయ్యాడు. ఒక స్పెల్లింగుకొక రామదాసు. మా జిల్లా నేలకొండపల్లిలో పుట్టిన కంచెర్ల గోపన్నగారు తానీషా చెరసాలలో కూడా అన్ని ముక్కలై వుండరు. నేను కూర్చుని అన్నీ తెలుగులోకి మార్చాను. మార్చేసరికి ఆ చిన్న తెరమీద అక్షరాలకు బదులు వరసగా ఖాళీ డబ్బాలు కనబడ్డాయి. యంత్రానికి తెలుగు అక్షరాలు రావన్నమాట. వాటిని తెచ్చి అందులో పెట్టడానికి మరో పూట పట్టింది. ఇప్పుడు అకారాది క్రమంలో, అన్నమయ్య మొదలుకొని, నిఘంటువులో మాదిరి వరసగా నిలబడి వున్నారు. ఈ మొత్తం భాగవతంలో నాకు పరిపూర్ణమైన తృప్తినిచ్చింది ఆ పూటే.

మరి విన్నప్పుడో? ఇక్కడ నిజం చెప్పుకోవాలి. 24 బిట్ల వీణ కచేరీ ఒకటి డబ్బిచ్చి కొన్నాం. దాన్నే సీడీ స్థాయికి తగ్గించి మరో ప్రతి చేశాడు మేనల్లుడు. ఏది ఏదో చెప్పకుండా పన్నెండుసార్లు వినిపించాడు. నేను ఏడుసార్లు సరిగ్గా చెప్పాను, మావారు ఐదుసార్లు. రూపాయిబిళ్ళ ఎగరేసినా అంతే పడుతుంది. సెకనుకు 44,100 కొలతలుంటే 22 వేల హెర్ట్జ్ దాకా ధ్వనిని పట్టవచ్చు. మనిషి చెవి, అదీ పసిచెవి, 20 వేల దాకా వింటుంది. నలభైలు దాటిన నా చెవి అందులో మూడోవంతుకు ఎప్పుడో తిలోదకాలిచ్చి వుంటుంది. ఇక ఆ 24 బిట్లు ఇవ్వగల నిశ్శబ్దం మాట. మా ఊళ్ళో గ్రానైటు లారీలు తిరుగుతున్నంతసేపూ ఆ నిశ్శబ్దం ఎక్కడిది? మేనల్లుడి ముఖం చిన్నబోయింది. ఫోనులో పిప్పికీ దీనికీ తేడా వుందిరా, సీడీకీ దీనికీ నాకు తెలియడంలేదు, అంతే, అని ఓదార్చాను.

మా అమ్మ మా దగ్గరే వుంటుంది. ఆవిడ ఈ తతంగమంతా చూసి, "మేము విజయవాడ రేడియోలో భద్రాద్రి కల్యాణం వినేవాళ్ళం. ఉషశ్రీ చెబుతుంటే తలంబ్రాలు మా నెత్తిన పడ్డట్టే వుండేది. దానికిన్ని తీగలున్నాయా?" అంది. లేవు. మీడియం వేవు రేడియో నాలుగైదు వేల హెర్ట్జ్ దాటి పలికేది కాదు. అయినా తలంబ్రాలు పడ్డాయి. దానికి నా దగ్గర జవాబు లేదు.

అప్పుడు గుర్తొచ్చింది నాకు, అమ్మమ్మ సీడీ.

ఈ కథ కాస్త వెనక్కి వెళ్ళాలి. 2003లో నేను ఎం.ఏ. చదివేటప్పుడు బిరుదురాజు రామరాజుగారి జానపద గేయ గ్రంథం చదివి ఉత్సాహం పట్టలేక, ఒక చిన్న టేపురికార్డరు కొనుక్కుని అమ్మమ్మ ఊరు వెళ్ళాను. పాల్వంచ దాటి భద్రాచలం దారిలో, అడవి అంచున వుంటుందా ఊరు. రెండు వేసవులపాటు అమ్మమ్మచేతా, ఆవిడ ఈడు వాళ్ళచేతా పాడించాను. వడ్లు దంచే పాటలు, నాట్ల పాటలు, అప్పగింతల పాటలు. ఇరవైఒక్క క్యాసెట్లు నిండాయి. అమ్మమ్మ 2006లో పోయింది.

2008లో మా ఇంటికి కంప్యూటరు వచ్చింది. క్యాసెట్లన్నీ అందులోకి ఎక్కించి ఎంపీత్రీ చేశాను. ఎంత చిన్నదిగా చేస్తే అంత తెలివి అనుకునే రోజులవి. సెకనుకు 64 వేల బిట్లు, అంటే సీడీలో ఇరవైరెండోవంతు. ఇరవైఒక్క గంటల పాట ఒక్క సీడీలో ఇమిడిపోయింది. కాలేజీలో అందరికీ చూపించుకున్నాను. ఆ తర్వాత, ప్లాస్టిక్ సామాన్లకు వెల్లుల్లిపాయలిస్తామంటూ సైకిలుమీద వచ్చాడొకతను. పగిలిన బక్కెట్టు, రెండు మగ్గులు, వాటితోపాటు ఇరవైఒక్క క్యాసెట్లు. కిలో వెల్లుల్లి తూచి ఇచ్చాడు. బేరమాడి మరో నాలుగు పాయలు కూడా వేయించుకున్నాను సుమండీ!

ఆ సీడీని ఈ కొత్త పెట్టెలో పెట్టి, మంచి స్పీకర్లలో మొదటిసారి విన్నాను. గుండె గుభేలుమంది. ఫోనులో ఎప్పుడూ బాగానే వుండేది. ఇప్పుడు అమ్మమ్మ నీళ్ళలో మునిగి పాడుతున్నట్టుంది. రోకలి దెబ్బ పడుతుంది గాని, దెబ్బకు ముందే ఏదో బుసబుస. మాట చివర గాలి గిరగిర తిరుగుతోంది. యంత్రం ఏమీ దాచదు, నేను పదిహేనేళ్ళ పైచిలుకు కిందట చేసిన పొదుపంతా అణాపైసలతో అప్పగించింది.

ఎంపీత్రీ ఏం చేస్తుందంటే, పెద్ద చప్పుడు పక్కన చిన్న చప్పుడు మన చెవికి ఎలాగూ వినబడదు గనక, ఆ చిన్నదానికి తక్కువ బిట్లు కేటాయిస్తుంది. జర్మనీలో ఫ్రాన్‌హోఫర్ సంస్థ శాస్త్రవేత్తలు ఏళ్ళతరబడి చెవిని పరిశీలించి కట్టిన విద్య అది, తప్పుపట్టడానికి లేదు. ధారాళంగా బిట్లిస్తే అదీ బాగానే పాడుతుంది. నాలా పీనాసితనం చేస్తేనే చిక్కు. అది శబ్దాన్ని చిన్నచిన్న ముక్కలుగా కోసి చూస్తుంది. ముక్క మధ్యలో హఠాత్తుగా దెబ్బ పడితే, బిట్లు చాలక పుట్టిన రొద ఆ ముక్క అంతటా పరుచుకుంటుంది. అంటే దెబ్బకు ముందున్న నిశ్శబ్దంలోకి కూడా పాకుతుంది.

ఈ మాట మేనల్లుడు చెబుతూండగానే నాకు చెమటలు పట్టాయి. ఎందుకో చెబుతాను.

తెలుగులో దంత్య చకారం ఒకటుంది. 'చిలక'లో చ వేరు, 'ౘలి'లో ౘ వేరు. బ్రౌన్ నిఘంటువు చూడండి, ఆ గుర్తుతో వేరుగా కనబడుతుంది. అచ్చులో పోయినా నోళ్ళలో ఇంకా బతికేవుంది. చాలాచోట్ల అది కూడా జారి స అయింది. 'ౘుక్క' అనేవాళ్ళు కొందరు, 'సుక్క' అనేవాళ్ళు కొందరు. రెంటికీ తేడా ఏమిటి? నాలుక పళ్ళవెనక తాకి ఒక్క క్షణం గాలిని ఆపితే ౘ. ఆపకుండా వదిలితే స. ఆ క్షణకాలపు నిశ్శబ్దమే అక్షరం.

2015లో ఒక సదస్సులో నేనొక వ్యాసం చదివాను. అమ్మమ్మ ఊరి పెద్దలలో దంత్య చకారం పూర్తిగా సకారమైందని, ఆ తరానికే అది లేదని, ఉదాహరణలతో నిరూపించాను. ఉదాహరణలు ఎక్కడివి? ఆ సీడీలోవి. వ్యాసం అచ్చయింది. తర్వాత ఒకరిద్దరు తమ రచనల్లో దాన్ని ఆధారంగా చూపారు కూడా. ఇప్పుడు మేనల్లుడు చెబుతున్నదేమంటే, నిశ్శబ్దాలను పూడ్చేసే యంత్రంచేత సాక్ష్యం చెప్పించుకుని, నిశ్శబ్దం లేదని నేను తీర్పిచ్చాను.

కావచ్చు, కాకపోవచ్చు. తేల్చుకుందామంటే అసలు క్యాసెట్లు లేవు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లవారుజామున జ్ఞాపకం వచ్చింది. అప్పట్లో చిన్న మామయ్య ఒక క్యాసెట్టుకు జంట డెక్కులో ప్రతి తీయించుకున్నాడు. బస్సెక్కి వెళ్ళాను. మామయ్య అటకమీద వెతికి, ఎలుకలు కొరికిన డబ్బాలోంచి తీసి ఇచ్చాడు. పైన నా చేతివ్రాతే. "ఒకవైపు మన పిల్లలు సినిమాపాటలు ఎక్కించారమ్మా. రెండోవైపు వుండాలి" అన్నాడు.

ఖమ్మం కమాన్‌బజారులో ఒక ముసలి రేడియో మెకానిక్కు వున్నాడు. ఆయన దగ్గర పాత డెక్కు ఒకటి అద్దెకు తీసుకున్నాను. ఆయన దాని రబ్బరు బెల్టు మార్చి, హెడ్డును స్పిరిటుతో తుడిచి, ఒక సన్నని స్క్రూడ్రైవరు నా చేతికిచ్చాడు. "హెడ్డు పక్కన ఈ మర వుందే, దీన్ని వెంట్రుకవాసి తిప్పుతూ వినండమ్మా. స, శ లు ఎక్కడ గట్టిగా మెరుస్తాయో అక్కడ ఆపండి. ప్రతి క్యాసెట్టుకీ అది మారుతుంది" అన్నాడు. పాతికేళ్ళు భాషాశాస్త్రం చదివి నేను తెలుసుకోని పాఠం అది. ఆయన ఏం చదివాడో నేను అడగలేదు.

24 బిట్లు, 96 వేల కొలతలతో ఎక్కించాం. క్యాసెట్టులో అంత సరుకు వుండదని నాకు తెలుసు. దాని బుసబుసకే పది బిట్లు చాలు. అయినా ఎక్కువ బిట్లుంటే ఒక సుఖం వుంది. భయంలేకుండా తక్కువ మట్టంలో ఎక్కించుకోవచ్చు. అమ్మమ్మ హఠాత్తుగా గొంతెత్తినా, రోకలి గట్టిగా పడినా అంచు దాటి చెడిపోదు. తర్వాత నిదానంగా మట్టం పెంచుకోవచ్చు. హై రిజల్యూషన్ ఎందుకని ఎవరైనా అడిగితే, వినడానికి కాదు, ఎక్కించడానికని నేను చెబుతాను. అరగంట పక్కకు రెండు ఛానళ్ళలో వెయ్యి మెగాబైట్ల పైచిలుకైంది. పద్నాలుగు మెగాబైట్లలో దాన్ని ఇరికించానప్పుడు!

అదే పాట, అదే చరణం, సీడీలోది ఒకసారి, క్యాసెట్టులోది ఒకసారి పెట్టాం. సీడీలో 'సుక్క'. క్యాసెట్టులో, ప్రతికి ప్రతి అయినా, పైన ఎంత బుసబుస వున్నా, స్పష్టంగా 'ౘుక్క'. నాలుక తాకిన చప్పుడుతో సహా. ఏడుసార్లు వస్తుందా మాట, ఏడుసార్లూ ౘ. మేనల్లుడు తెరమీద తరంగం గీతలు చూపించాడు. మాటకు ముందు సన్నని ఖాళీ. సీడీ గీతలో ఆ ఖాళీ లేదు, బూడిద చల్లినట్టుంది.

సంపాదకవర్గానికి ఉత్తరం రాశాను. ఫలానా పుటలో ఫలానా తీర్మానం చెల్లదు, కారణం ఇది అని. నా వ్యాసాన్ని ఉదహరించిన ఇద్దరికీ విడిగా రాశాను. ఒకరు, ఇంత చిన్న విషయానికి ఎందుకండీ అన్నారు. రెండోవారు ఇంకా జవాబివ్వలేదు. తక్కిన ఇరవై క్యాసెట్లలో మాటలు ౘలో సలో ఇక ఎవరూ చెప్పలేరు. పాడినవాళ్ళలో ఒక్కరూ లేరు.

ఆ సాయంత్రం క్యాసెట్టు ప్రతిని పాటలపెట్టెలోకి చేర్చి, మరో రెండు డిస్కుల్లోకి కూడా ఎక్కించి, ముందుగదిలో పెట్టాను. అమ్మకి చెప్పలేదు. ఆవిడ వంటింట్లో వంకాయలు తరుగుతోంది. మొదటి పాట సగంలో అమ్మమ్మ పాడడం ఆపి, వెనక్కి తిరిగి ఎవరినో కేకేసింది, "ఓ పెద్దదానా, పాలు పొంగుతున్నై, చూడవే!"

"ఆఁ, చూస్తన్నా" అంది అమ్మ వంటింట్లోంచి. కత్తిపీట జరిపిన చప్పుడైంది.

కాసేపటికి చేతిలో గరిటెతో గుమ్మంలోకి వచ్చి, "పొయ్యిమీద పాలే లేవు గదే" అంది.

మావారు ఫోను తీసుకుని పాట ఆపబోయారు.

"ఉండనియ్యి నాయనా, తర్వాతది అప్పగింతల పాట" అని అక్కడే గడపమీద కూర్చుంది.